సిపాయి ఇంటికి అండగా నిలిచిన ఖలీఫా
హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి)

షాద్‌నగర్‌లో మండల కార్యాలయం బోర్డు చదివితే దాని మీద ఫరూఖ్‌నగర్ అని ఉంటుంది. జనం నోట ఊరి పేరు షాద్‌నగర్, కాగితాల్లో మండలం పేరు ఫరూఖ్‌నగర్. షాద్ అన్నది హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రిగా పనిచేసిన మహారాజా కిషన్ ప్రసాద్ కలం పేరు. ఇక ఫారూఖ్ అన్నది ముస్లిం ఇళ్ళలో చిన్నపిల్లలకు సైతం తెలిసిన బిరుదు. సత్యాన్నీ అసత్యాన్నీ వేరుచేసే వ్యక్తి అని దాని అర్థం. ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేది రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి).

హజ్రత్ ఉమర్ (రజి) పేరు చెబితే మనం ఆయన న్యాయాన్ని తలచుకుంటాం. అతుకుల చొక్కాను తలచుకుంటాం. ఇరాన్, సిరియా, ఈజిప్టు దేశాల్లో ఆయన సేనలు సాధించిన విజయాలను తలచుకుంటాం. అయితే ఆ సేనల్లో నడిచిన సిపాయిల ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగింది? వారి భార్యాబిడ్డలను ఎవరు చూసుకున్నారు? తిరిగి రాని వారి తల్లులు, భార్యలు ఏమయ్యారు? ఈ ప్రశ్నలు మనం అంతగా వేసుకోం. ఆయన జీవితంలో ఎంతో శ్రద్ధ పెట్టిన పనుల్లో ఇదొకటి. ఈ వ్యాసంలో ఆ కోణం నుంచే ఆయన జీవితాన్ని చూద్దాం.

ప్రవక్త నేర్పిన పాఠం

హజ్రత్ ఉమర్ (రజి) మక్కాలో ఖురైష్ తెగకు చెందిన అదీ వంశంలో జన్మించారు. చదవడం, రాయడం తెలిసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. మొదట్లో ఇస్లాంకు బద్ధ విరోధి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ను చంపాలని కత్తి పట్టుకుని బయలుదేరి, దారిలో చెల్లెలు ఫాతిమా ఇంట్లో దివ్య ఖుర్ఆన్ వాక్యాలు విని మనసు మారిన సంగతి ప్రసిద్ధమే. ఆ తరువాత బద్ర్, ఉహద్, ఖందఖ్ యుద్ధాలన్నిటిలో ప్రవక్త (స) వెంట ఉన్నారు.

యోధుణ్ణి సాగనంపడం ఎంత పుణ్యమో, అతను లేనప్పుడు అతని ఇంటిని చక్కగా చూసుకోవడం కూడా అంతే పుణ్యమని ప్రవక్త (స) బోధించారు. దానిని ఆయన ఆచరించి చూపడం కూడా హజ్రత్ ఉమర్ (రజి) చూశారు. హిజ్రీ 8వ సంవత్సరంలో ముఅతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులయ్యారని కబురు అందినప్పుడు ప్రవక్త (స) ఆ ఇంటికి వెళ్ళి పిల్లలను దగ్గరకు తీసుకున్నారు. ఆ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు కనుక వారికోసం భోజనం తయారు చేయమని తమ వారికి చెప్పారు. చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు వారు అన్నం పంపే మన ఆనవాయితీకి మూలం ఆ సంఘటనే.

క్రీ.శ. 634లో హజ్రత్ అబూబక్ర్ (రజి) మరణానంతరం హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫా అయ్యారు. అప్పటికి ముస్లిం సేనలు ఇరాఖ్, సిరియా సరిహద్దుల్లో పోరాడుతున్నాయి. వేలాది మంది మగవారు నెలల తరబడి ఇళ్ళకు దూరంగా ఉన్నారు. పొరుగువారు పంపే అన్నం ఒక ఇంటికి నాలుగు రోజులు సరిపోతుంది. వేల ఇళ్ళకు ఏళ్ళ తరబడి చాలదు. దీనికి ఒక ఏర్పాటు కావాలి.

దఫ్తరు తెరిచారు

ఒకసారి హజ్రత్ అబూ హురైరా (రజి) బహ్రెయిన్ నుంచి ఐదు లక్షల దిర్హములు తెచ్చారు. ఆ అంకె హజ్రత్ ఉమర్ (రజి) నమ్మలేదు. ప్రయాణం బడలికలో ఏదో అంటున్నావు, ఇంటికి వెళ్ళి నిద్రపోయి తెల్లవారి రమ్మని పంపేశారు. మర్నాడు కూడా అదే అంకె చెప్పేసరికి ఈ సొమ్మును ఎలా పంచాలో సహచరులను సలహా అడిగారు. సిరియా రాజులు సైనికుల పేర్లు పుస్తకాల్లో రాయించడం చూశామని సహచరుల్లో ఒకరు చెప్పారు. ఆ సలహా ఆయనకు నచ్చింది. అలా ఏర్పడిందే దీవాన్, అంటే పేర్ల పట్టిక ఉన్న దఫ్తరు. ఇది హిజ్రీ 15లో జరిగిందని కొందరు చరిత్రకారులు, 20లో జరిగిందని మరికొందరు రాశారు.

తెగల వంశావళి క్షుణ్ణంగా తెలిసిన అఖీల్ బిన్ అబీ తాలిబ్, మఖ్రమా బిన్ నౌఫల్, జుబైర్ బిన్ ముత్‌ఇమ్ (రజి) ఆ పట్టిక రాశారు. వారు ప్రవక్త (స) కుటుంబం తరువాత హజ్రత్ అబూబక్ర్ (రజి) వంశాన్ని, దాని వెంటనే ఖలీఫా వంశాన్ని రాసి తెచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒప్పుకోలేదు. ప్రవక్తకు ఎవరు ఎంత దగ్గరి బంధువులో ఆ వరుసలోనే పేర్లు రావాలని, ఉమర్ వంశం పేరు దాని వంతు వచ్చినప్పుడే రాయాలని ఆదేశించారు. అదీ వంశంవారు వచ్చి మొరపెట్టుకున్నా ఆయన వినలేదు.

వజీఫాలు నిర్ణయించడంలో సేవనే కొలమానంగా తీసుకున్నారు. చరిత్రకారుల కథనాల్లో అంకెలు కొంత తేడాగా ఉన్నాయి. ప్రసిద్ధమైన కథనం ప్రకారం బద్ర్ యోధులకు ఏటా 5,000 దిర్హములు, ఆ తరువాత హుదైబియా వరకు పాల్గొన్నవారికి 4,000, ఖాదిసియా, యర్మూక్ యుద్ధాల్లో పోరాడినవారికి 2,000. ఇక్కడ మనం గమనించవలసింది ఆ తరువాతి వరుస. బద్ర్ యోధుల భార్యలకు 500, ఆ తరువాతి వారి భార్యలకు 400, 300, 200 చొప్పున విడిగా రాశారు. పిల్లలకు తలా 100 రాశారు. అంటే సిపాయి ఇంట్లో ప్రతి ప్రాణికీ ఆ పుస్తకంలో స్థానం ఉంది. భార్య తన భాగం కోసం ఎవరి ముందూ చేయి చాచనవసరం లేదు.

సొంత కుమారుడు అబ్దుల్లా (రజి) కు ఆయన ఉసామా బిన్ జైద్ (రజి) కంటే తక్కువ రాశారు. తాను ఏ యుద్ధంలోనూ ఉసామా కంటే వెనుకబడలేదు కదా, ఎందుకు తగ్గించారని కుమారుడు అడిగారు. ఉసామా తండ్రి నీ తండ్రి కంటే ప్రవక్తకు ఎక్కువ ఇష్టుడని ఖలీఫా జవాబిచ్చారు. ఆ తండ్రి జైద్ బిన్ హారిసా (రజి) ముఅతా యుద్ధంలో జెండా పట్టుకుని అమరులైన మొదటి సేనాని.

మనిషికి నెలకు ఎంత తిండి కావాలో కూడా ఆయన ఊహించి చెప్పలేదు. కొలిచిన పిండితో రొట్టెలు చేయించి ముప్పై మందిని కూర్చోబెట్టి తినిపించి చూశారు. దాన్ని బట్టి నెలకు ఒక్కొక్కరికి రెండు జరీబుల ధాన్యం చొప్పున ఖరారు చేశారు. ఖుజాఆ తెగ దఫ్తరును స్వయంగా మోసుకుని మక్కా దారిలోని ఖుదైద్‌కు వెళ్ళి, పెళ్ళయినవారు, కానివారు అన్న తేడా లేకుండా అక్కడి స్త్రీలందరికీ తన చేత్తోనే వజీఫాలు అందించేవారు.

పాలు మరవని బిడ్డ

మొదట్లో పిల్లల వజీఫా తల్లిపాలు మాన్పించిన తరువాతే మొదలయ్యేది. ఒక రాత్రి మదీనా బయట వర్తకుల బృందం దిగింది. హజ్రత్ ఉమర్, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వారికి కాపలాగా ఉన్నారు. ఒక పసిబిడ్డ ఆగకుండా ఏడుస్తోంది. బిడ్డను సరిగా చూసుకోమని ఖలీఫా రెండుసార్లు వెళ్ళి తల్లికి చెప్పారు. మూడోసారి కోపగించుకున్నారు. ఆయన ఎవరో ఆ తల్లికి తెలియదు. ఉమర్ పాలు మరచిన పిల్లలకే వజీఫా ఇస్తాడు కనుక తొందరగా పాలు మాన్పిస్తున్నానని, బిడ్డ మాట వినడం లేదని విసుగ్గా చెప్పింది.

ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన ఏడుపు వల్ల ఖుర్ఆన్ పారాయణం జనానికి సరిగా వినిపించలేదు. ముస్లిముల పిల్లలు ఎంతమంది తన వల్ల నశించి ఉంటారోనని ఆయన కుమిలిపోయారు. పిల్లలకు తొందరపడి పాలు మాన్పించవద్దని, పుట్టిన నాటి నుంచే ప్రతి బిడ్డకూ వజీఫా అందుతుందని అప్పటికప్పుడు చాటింపు వేయించారు. ఆ ఆజ్ఞ రాజ్యం నలుమూలలకూ వెళ్ళింది. తల్లిదండ్రులు వదిలేసిన అనాథ శిశువులకు కూడా వజీఫా నిర్ణయించారు.

నియమం పెట్టినప్పుడు ఆయనకు చెడు ఉద్దేశం లేదు. ఆ నియమం ఒక గుడారంలో ఏం చేస్తోందో రాత్రిపూట తిరిగితేనే ఆయనకు తెలిసింది.

గుమ్మం బయట ఖలీఫా

మరో రాత్రి గస్తీలో ఒక స్త్రీ గొంతు వినిపించింది. భర్త యుద్ధానికి వెళ్ళి చాలా కాలమైందని, దైవభీతే తనను కాపాడుతోందని ఆమె ఒంటరిగా పాడుకుంటోంది. హజ్రత్ ఉమర్ (రజి) తన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) దగ్గరకు వెళ్ళి, భార్య భర్తకు దూరంగా ఎంతకాలం ఓర్చుకోగలదని అడిగారు. తండ్రి ముందు ఆమె సిగ్గుతో తల వంచుకున్నారు. సత్యం చెప్పడానికి అల్లాహ్ సిగ్గుపడడని ఆయన అన్నప్పుడు నాలుగు నెలలని సూచించారు. ఆరు నెలలన్న కథనం కూడా ఉంది. ఆ గడువుకు మించి ఏ సిపాయినీ ఇంటికి దూరంగా ఉంచవద్దని సేనానులకు ఉత్తర్వులు వెళ్ళాయి. సైనికుడి సెలవు అతని భార్య హక్కు కూడా అని ఆనాడే గుర్తించారన్నమాట.

భర్తలు యుద్ధానికి వెళ్ళిన ఇళ్ళ గుమ్మాల ముందు నిలబడి ఖలీఫా సలాం చెప్పేవారు. బజారు నుంచి ఏమైనా తేవాలా, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా అని అడిగేవారు. ఆ ఇళ్ళ నుంచి వచ్చిన పనిపిల్లలు ఆయన వెంట బజారుకు నడిచేవారు. డబ్బు లేని ఇంటికి తన డబ్బుతో సరుకులు కొనిచ్చేవారు. యుద్ధభూమి నుంచి ఉత్తరాలు వస్తే తానే ఇంటింటికీ చేర్చేవారు. చదివేవారు లేకపోతే తలుపు దగ్గరకు రమ్మని, తాను బయట నిలబడి చదివి వినిపించేవారు. జవాబు తీసుకెళ్ళే మనిషి ఫలానా రోజు బయలుదేరుతాడని చెప్పి, కాగితం, సిరా తెచ్చి, రాయడం రానివారికి తానే రాసిపెట్టేవారు.

చెయ్యి పోయినవాడు, నీళ్ళు మోసిన ఆమె

ఒకసారి జనానికి భోజనాలు పెడుతుంటే ఒక వ్యక్తి ఎడమచేత్తో తింటున్నాడు. కుడిచేత్తో తినమని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పారు. అది పనిలో ఉందని అతను అన్నాడు. మళ్ళీ చెప్పినా అదే జవాబు. ఏమిటా పని అని అడిగితే, ముఅతా యుద్ధంలో ఆ చెయ్యి పోయిందని చెప్పాడు. ఖలీఫా అతని పక్కనే కూర్చుని ఏడ్చారు. నీకు వుజూ ఎవరు చేయిస్తారు, తల ఎవరు కడుగుతారు, బట్టలు ఎవరు ఉతుకుతారు అని ఒక్కొక్కటే అడిగారు. ఆ తరువాత అతనికి ఒక సేవకుణ్ణి, ప్రయాణానికి వాహనాన్ని, ఆహార సామగ్రిని ఏర్పాటు చేశారు. చెయ్యి లేని మనిషికి రోజులో ఎక్కడెక్కడ కష్టం వస్తుందో ముందు తెలుసుకుని, తరువాత సాయం చేశారు.

మరొకసారి మదీనా స్త్రీలకు దుప్పట్లు పంచగా ఒక మంచి దుప్పటి మిగిలింది. దాన్ని మీ భార్యకు ఇవ్వండని దగ్గరున్నవారు అన్నారు. ఆ భార్య హజ్రత్ అలీ (రజి) కుమార్తె ఉమ్మె కుల్సూమ్. అయినా ఆయన దాన్ని ఉమ్మె సలీత్ (రజి) అనే అన్సారీ స్త్రీకి ఇచ్చారు. ఉహద్ నాడు తమ కోసం నీళ్ళ తిత్తులు మోసింది ఆమేనని గుర్తుచేశారు. ఉహద్ జరిగి ఎన్నో ఏళ్ళు గడిచినా, కత్తి పట్టకుండా నీళ్ళు మోసిన ఆ స్త్రీని ఆయన మరవలేదు.

బుఖారీ గ్రంథంలో నమోదైన మరో సంఘటన ఈ విషయంలో మనకు గొప్ప పాఠం. బజారులో ఒక యువతి హజ్రత్ ఉమర్ (రజి) ను ఆపింది. భర్త చనిపోయాడు, చిన్నపిల్లలున్నారు, వండుకోవడానికి మేక కాలు కూడా లేదు, పంట లేదు, పాడి లేదు అని చెప్పుకుంది. తాను ఖుఫాఫ్ బిన్ ఈమా గిఫారీ కుమార్తెనని, తన తండ్రి హుదైబియాలో ప్రవక్త (స) వెంట ఉన్నారని చెప్పింది. ఆయన అక్కడే ఆగిపోయారు. దగ్గరి బంధుత్వమే అంటూ ఆమెను ఆదరించారు. ఇంటికి వెళ్ళి బలమైన ఒంటెను విప్పి, రెండు పెద్ద గోనెల నిండా ధాన్యం వేసి, మధ్యలో ఖర్చులకు డబ్బు, బట్టలు పెట్టి, పగ్గం ఆమె చేతికిచ్చారు. ఇది అయిపోయేలోపే అల్లాహ్ మరింత మేలు చేస్తాడని ధైర్యం చెప్పారు.

పక్కనున్న మనిషి ఆమెకు మరీ ఎక్కువ ఇచ్చారని అన్నాడు. హజ్రత్ ఉమర్ (రజి) అతణ్ణి గట్టిగా మందలించారు. ఆమె తండ్రీ సోదరుడూ ఒక కోటను చాలాకాలం ముట్టడించి గెలిచారని, దానిలో వారికి రావలసిన భాగాలను ఆ తరువాత తామంతా అనుభవిస్తున్నామని చెప్పారు.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఆ యువతి చేయి చాచింది నిజమే. కానీ ఖలీఫా లెక్కలో అప్పు ఉన్నది ఆమె మీద కాదు, తన మీద. ఆమెకు ఇచ్చింది పాత బాకీలో కొంత మాత్రమే.

రేపటి వితంతువుల కోసం

ఇన్ని వజీఫాలకు సొమ్ము ఎక్కడిది? ఇరాఖ్‌లోని సారవంతమైన సవాద్ భూములు స్వాధీనమైనప్పుడు వాటిని తమకే పంచాలని పలువురు యోధులు పట్టుబట్టారు. హజ్రత్ బిలాల్, హజ్రత్ జుబైర్ (రజి) వంటివారు కూడా అదే కోరారు. భూమినంతా ఈనాటి వారికే పంచేస్తే రేపు పుట్టబోయే వారికి, వితంతువులకు, అనాథలకు ఏం మిగులుతుందని హజ్రత్ ఉమర్ (రజి) ప్రశ్నించారు. కొన్ని రోజులు చర్చ సాగింది. తరువాతి తరాలకు కూడా భాగముందని సూచించే హష్ర్ సూరా వాక్యాలు ఆయనకు ఆధారమయ్యాయి. చివరకు భూమిని సాగుచేసే రైతుల చేతిలోనే ఉంచి, దాని మీద వచ్చే పన్నును బైతుల్‌మాల్‌కు చేర్చాలని నిర్ణయమైంది. హజ్రత్ ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి) ఆ భూమిని కొలిస్తే 3 కోట్ల 60 లక్షల జరీబులు తేలింది. ఒక్కసారి పంచితే అయిపోయే సొమ్మును ఏటేటా వచ్చే ఆదాయంగా మార్చిన నిర్ణయమది.

ఆ బైతుల్‌మాల్ ముస్లిములకే పరిమితం కాలేదు. వీధిలో యాచిస్తున్న యూదు వృద్ధుణ్ణి చూసి, వయసులో ఉన్నప్పుడు పన్ను తీసుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదని ఆయనకు ఖజానా నుంచి సాయం ఏర్పాటు చేశారు.

ఖాదిసియా యుద్ధం రోజుల్లో ఆయన రోజూ మదీనా బయటకు వెళ్ళి వార్త కోసం ఎదురుచూసేవారు. దూత వచ్చినప్పుడు అతని ఒంటె పక్కన పరుగెత్తుతూ వివరాలు అడిగారు. ఆయనే ఖలీఫా అని ఊళ్ళోకి వచ్చేదాకా దూతకు తెలియలేదు. హిజ్రీ 21లో నిహావంద్ యుద్ధంలో సేనాని నుఅమాన్ బిన్ ముఖర్రిన్ (రజి) అమరులయ్యారు. ఇంకా ఎవరు పోయారని ఖలీఫా అడిగితే, దూత కొందరి పేర్లు చెప్పి, మిగతావారు తమరు ఎరుగని సామాన్యులని అన్నాడు. హజ్రత్ ఉమర్ (రజి) ఏడ్చేశారు. ఉమర్ ఎరగకపోతే వారికి వచ్చిన నష్టమేమీ లేదని, అల్లాహ్ వారిని ఎరుగునని అన్నారు.

చివరి నాలుగు రోజులు

హిజ్రీ 23, క్రీ.శ. 644. ఒకరోజు ఆయన ఇరాఖ్ భూముల పన్ను గురించి హజ్రత్ హుజైఫా, హజ్రత్ ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి) లను విచారిస్తున్నారు. రైతుల మీద మోయలేని భారం వేయలేదు కదా అని గుచ్చిగుచ్చి అడిగారు. అల్లాహ్ తనకు ఆయుష్షు ఇస్తే ఇరాఖ్ వితంతువులు తన తరువాత మరెవరి మీదా ఆధారపడే అవసరం లేకుండా చేస్తానని అన్నారు. ఆ మాటన్న తరువాత నాలుగు రోజులు కూడా గడవలేదు. ఫజ్ర్ నమాజులో అబూ లూలూ అనే వ్యక్తి ఆయనను కత్తితో పొడిచాడు.

మరణశయ్య మీద ఆయన కుమారుణ్ణి పిలిచి తన అప్పులు లెక్కకట్టమన్నారు. సుమారు 86,000 దిర్హములు తేలాయి. వేలాది ఇళ్ళకు వజీఫాలు రాసిన ఆ పాలకుడు తన అప్పు బైతుల్‌మాల్ నుంచి తీర్చమని చెప్పలేదు. తన కుటుంబం ఆస్తి నుంచి, అది చాలకపోతే అదీ వంశం నుంచి, అప్పటికీ చాలకపోతే ఖురైషుల నుంచి అడిగి తీర్చమని వసీయత్ చేశారు. ప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) ల పక్కన ఆయనను ఖననం చేశారు.

మన వంతు

అల్లామా షిబ్లీ నోమానీ ఉర్దూలో రాసిన అల్ ఫారూఖ్ గ్రంథం ఒక శతాబ్దానికి పైగా చదవబడుతోంది. షిబ్లీ 1901 నుంచి కొన్నేళ్ళు హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేశారు. మరి హజ్రత్ ఉమర్ (రజి) చూపిన దారి మన గడ్డ మీద ఎంతవరకు నిలిచింది?

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత నిజాం సైన్యం రద్దయింది. ఎందరో సిపాయిలు జీవనోపాధి కోల్పోయారు. హైదరాబాద్‌లోని బార్కస్ అన్న పేరు నిజాం కొలువులోని అరబ్ సిపాయిల బ్యారక్స్ నుంచి వచ్చిందే. కొలువు పోతే సిపాయి ఇల్లు ఏమవుతుందో మన తాతల తరం కళ్ళారా చూసింది.

నేడు ప్రభుత్వ ఏర్పాట్లున్నాయి. 1949 నుంచి ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినం జరుపుతున్నారు. ఆ రోజు పోగయ్యే విరాళాలు మాజీ సైనికుల, అమరుల కుటుంబాల సహాయానికి వెళతాయి. పింఛను లేని వృద్ధ సైనికులకు, వారి వితంతువులకు, పిల్లల చదువుకు, ఆడపిల్లల పెళ్ళికి ఆ నిధి నుంచి సాయం ఉంది. దరఖాస్తు విషయంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. అయితే సిపాయికి పింఛను రావాలంటే మామూలుగా 15 ఏళ్ళ సర్వీసు కావాలి. 2022లో మొదలైన అగ్నిపథ్ పద్ధతిలో నాలుగేళ్ళకే ఇంటికి వచ్చేవారికి ఒకేసారి ఇచ్చే సేవానిధి తప్ప పింఛను లేదు. కాబట్టి పుస్తకంలో పేరు లేని ఇళ్ళు ఇకముందూ ఉంటాయి.

షాద్‌నగర్ 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది. జిల్లా మారితే దఫ్తరు మారుతుంది, ఏ ఆఫీసుకు వెళ్ళాలో చదువురాని వృద్ధురాలికి తెలియదు. ఫారం నింపిపెట్టడం, కావలసిన కాగితాలు సమకూర్చడం, వెంట ఆఫీసుకు వెళ్ళడం మన వల్ల అయ్యే పనులే. తలుపు బయట నిలబడి ఉత్తరం చదివిన ఖలీఫా చేసింది ఇదే. అవసరంలో ఉన్న ముస్లిం కుటుంబమైతే జకాత్ నుంచి, ఏ మతం వారైనా సరే సదఖా నుంచి సాయం చేయవచ్చు. ఇచ్చేటప్పుడు నలుగురి ముందు ఫొటోలు దిగడం, ఇచ్చాక మళ్ళీ మళ్ళీ గుర్తుచేయడం తగదు. ఎత్తిపొడుపులు దానాన్ని వృథా చేస్తాయని ఖుర్ఆన్ హెచ్చరించింది. పైగా ఇది మనం తీర్చే బాకీ. బాకీ తీర్చేవాడు గొప్పలు చెప్పుకోడు.

మన వీధిలో, మన మస్జిద్ చుట్టుపక్కల సైన్యంలో పనిచేసిన వారెవరు, వారి ఇళ్ళలో ఒంటరిగా మిగిలినవారెవరు అన్నది ముందుగా తెలుసుకుందాం. ఆ పేర్లు రాసుకుంటే సగం పని అయినట్లే.

హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) మనసులోని ఆ బాధ్యతా భావాన్ని, దైవభీతిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! కాపాడేవారు లేని ఇళ్ళకు మనల్ని అండగా నిలుపుగాక! ఆమీన్.